కుక్కకూ పిల్లికీ ఆపరేషన్: చేయించాలా, చేయిస్తే ఎప్పుడు?

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలా అని అడిగితే మంచి వెటర్నరీ డాక్టరు ముందు ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఆడా, మగా? ఏ జాతి? పెద్దయ్యాక ఎన్ని కిలోలు తూగుతుంది? ఇప్పటికి ఎదకు వచ్చిందా? ఈ నాలుగూ అడక్కుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా పక్కన పెట్టండి. ఆరు నెలలు నిండగానే అన్నిటికీ చేయించేయమనడం పాత పద్ధతి. మూగజీవి ఉసురు తగులుతుంది, ముట్టుకోవద్దు అనడం అంతకంటే పాతది. హైదరాబాద్‌ ఫ్లాట్లలో పెరిగే చాలా జంతువులకు చివరికి "చేయించండి" అనే తేలుతుంది. చిక్కంతా ఎప్పుడు అన్న దగ్గరే.

ఆడకుక్క

ఇక్కడ అన్నిటికంటే బరువైన కారణం గర్భసంచిలో చీము పట్టడం. డాక్టర్లు పయోమెట్రా అంటారు. ఆడకుక్కలో ఎద ముగిశాక, కడుపు వచ్చినా రాకపోయినా, ప్రొజెస్టిరాన్ అనే హార్మోను దాదాపు రెండు నెలలు ఎక్కువగానే ఉంటుంది. దానివల్ల గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, స్రావాలు పేరుకుంటాయి, సంచి ముడుచుకుని వాటిని బయటికి తోసే శక్తి తగ్గుతుంది. అప్పుడు బ్యాక్టీరియా చేరితే పండగే. ప్రతి ఎదకూ ఇదే జరుగుతుంది కాబట్టి వయసుతోపాటు ముప్పు పెరుగుతూ పోతుంది. మామూలుగా ఆపరేషన్లు చేయించని దేశం స్వీడన్. అక్కడి బీమా లెక్కల్లో పదేళ్ల వయసు లోపు ప్రతి నాలుగైదు ఆడకుక్కల్లో ఒకదానికి ఈ జబ్బు వచ్చింది.

గుర్తులు తెలిసి ఉండాలి. ఎద అయిపోయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కుక్క నీళ్ళు గిన్నెలకు గిన్నెలు తాగుతుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది, తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది. కింద నుంచి చీము కారితే ఒకరకంగా అదృష్టమే, కంటికి కనిపిస్తుంది. గర్భసంచి మూతి మూసుకుపోతే ఏమీ కారదు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. అప్పుడు చేసేదీ గర్భసంచి తీసే ఆపరేషనే. కాకపోతే విషం ఎక్కిన ఒంటికి, దెబ్బతిన్న కిడ్నీలతో, అర్ధరాత్రి, ఎన్నో రెట్ల ఖర్చుతో. ఎనిమిదేళ్లు దాటిన ఆడకుక్కకు ఇప్పుడెందుకులే అనుకునేవాళ్ళు ఈ ఒక్క విషయం తూచి చూడండి. రక్తపరీక్షలు, గుండె బాగుంటే ఆ వయసులోనూ చేయించడమే మేలు.

రెండోది రొమ్ము గడ్డలు. చేయించని కుక్కకున్న ముప్పుతో పోలిస్తే, మొదటి ఎద రాకముందే చేయిస్తే 0.5 శాతం, ఒక ఎద తర్వాత 8, రెండు ఎదల తర్వాత 26 అన్న అంకెలు ప్రతి క్లినిక్ గోడ మీదా కనిపిస్తాయి. అవి 1969 నాటి చిన్న అధ్యయనంవి. తర్వాత వాటిని తిరగేసి చూసినవాళ్ళు ఆధారం బలహీనమనే అన్నారు. త్వరగా చేయిస్తే ముప్పు తగ్గుతుందన్న మాట కొట్టేయలేం గానీ, ఆ అంకెల్ని పట్టుకుని భారీ జాతి కుక్కకు ఐదో నెలలోనే కోత పెట్టించడం తొందరపాటు.

రెండోవైపు నష్టాలూ ఉన్నాయి. ఆపరేషనయిన ఆడకుక్కల్లో కొన్నిటికి, నెలలకో ఏళ్లకో, నిద్రలో మూత్రం కారుతుంది. ఇరవై కిలోలు దాటిన వాటిలో ఇది ఎక్కువ. మందులకు లొంగుతుంది గానీ తరచూ జీవితాంతం వాడాల్సి వస్తుంది. ఇంకోటి కీళ్ళు. ఎముకల చివర పెరుగుదల పలకలు మూసుకోవడానికి సెక్స్ హార్మోన్లే కారణం. అవి ముందే పోతే కాళ్ళ ఎముకలు కొంచెం ఎక్కువ పొడవు పెరుగుతాయి, కీళ్ళ కోణం మారుతుంది, మోకాలి లిగమెంట్ తెగే ముప్పు పెరుగుతుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ పరిశోధకులు 2020లో 35 జాతుల లెక్కలు బయటపెట్టారు. చిన్న జాతుల్లో ఈ కీళ్ళ తేడా దాదాపు కనిపించలేదు, పెద్ద జాతుల్లో స్పష్టంగా కనిపించింది. వాళ్ళ సూచన ప్రకారం ఆడ ల్యాబ్రడార్‌కు 11 నెలలు దాటాలి, జర్మన్ షెపర్డ్‌కు రెండేళ్లు దాటాలి. ఆడ గోల్డెన్ రిట్రీవర్‌లో మాత్రం ఏ వయసులో చేయించినా కొన్ని క్యాన్సర్లు పెరిగినట్టు తేలింది. అందుకే ఆ జాతి ఉన్నవాళ్ళు డాక్టరుతో విడిగా కూర్చుని మాట్లాడాల్సిందే.

మొత్తం మీద పామరేనియన్, షిట్జు, పగ్ లాంటి చిన్నవాటికి ఆరు నెలల ప్రాంతంలో, లేదా మొదటి ఎద అయ్యాక. వీధిలోంచి తెచ్చి పెంచుకున్న మన నాటు కుక్కకు, పదిహేను ఇరవై కిలోలు తూగేదానికి, ఆరు నెలల నుంచి ఏడాది మధ్య. పెద్ద జాతులకు ఒక ఎద కానిచ్చి, ఏడాది దాటాక.

"ఒక్క ఈత ఈననిచ్చి చేయిద్దాం" అనేవాళ్ళు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. ఈనడం వల్ల ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. ల్యాబ్రడార్ ఏడెనిమిది పిల్లల్ని కంటుంది. వాటికి ఇళ్ళు ఎవరు చూస్తారో పేర్లతో సహా రాసుకోగలిగితేనే ఆ మాట ఎత్తాలి. పిల్లల్ని అమ్మే ఉద్దేశం ఉంటే 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర బ్రీడరుగా నమోదు కావాలి.

మగకుక్క

మగదాని విషయంలో అంత తొందర లేదు. వృషణాలు రెండూ కిందికి దిగి, గోడ దూకి పారిపోకుండా, పట్టీ మీదే తిరిగే కుక్కయితే చేయించకపోయినా పెద్ద ప్రమాదం లేదు. వయసు మీద పడ్డాక ప్రోస్టేట్ ఉబ్బడం, వృషణాల్లో గడ్డలు రావచ్చు. అప్పుడు చేయించినా సరిపోతుంది. చేయిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ రాదన్నది మాత్రం తప్పు ప్రచారం, ఆ రక్షణ లేదు.

తప్పకుండా చేయించాల్సిన సందర్భం ఒకటుంది. ఆరు నెలలు దాటినా ఒక వృషణం కిందికి దిగకుండా పొట్టలోనో గజ్జల్లోనో ఉండిపోతే, అందులో గడ్డ వచ్చే ముప్పు మామూలు కంటే చాలా రెట్లు ఎక్కువ. అది వంశపారంపర్యం కూడా, కాబట్టి దానితో జత కట్టించకూడదు. రెండూ తీయించాలి. దిగినదొక్కటే తీసి వదిలేస్తే అసలు ప్రమాదం లోపలే మిగులుతుంది.

ప్రవర్తన కోసం చేయించేవాళ్ళు ఏది పోతుంది, ఏది పోదు అన్నది ముందే తెలుసుకోవాలి. ఆడకుక్క వాసనకు గేటు దాటి పరుగెత్తడం బాగా తగ్గుతుంది. సోఫా కాలు మీద మూత్రం చిమ్మడం, వచ్చినవాళ్ళ కాళ్ళెక్కడం చాలావాటిలో తగ్గుతుంది. అలవాటు ముదిరితే పూర్తిగా పోదు. డెలివరీ కుర్రాడిని చూసి మొరగడం, చెప్పులు నమలడం, భయంతో కరవడం హార్మోన్ల పని కాదు. పిరికి కుక్కకు చేయిస్తే భయం ఇంకా పెరిగే అవకాశం ఉంది. దానికి ముందు శిక్షణ ఇప్పించండి, కత్తి సంగతి తర్వాత.

ఇక్కడి వీధులకు సంబంధించిన కారణం ఇంకోటుంది. జత కట్టడం ద్వారా అంటుకునే ఒక క్యాన్సర్ గడ్డ మన వీధికుక్కల్లో మామూలే. పురుషాంగం మీదో యోనిలోనో క్యాలీఫ్లవర్ లాంటి ఎర్రటి కండ, చుక్కచుక్కగా రక్తం. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లకు తగ్గుతుంది గానీ వారానికొకటి చొప్పున కొన్ని వారాలు పడుతుంది. రోడ్డు మీదికి జారిపోయే కుక్క ఆడదైనా మగదైనా దీని దారిలో ఉన్నట్టే.

మగదానికి ఆపరేషనైన రోజు నుంచే పిల్లలు పుట్టరనుకోవద్దు. నాళాల్లో మిగిలిన వీర్యకణాలు కొన్ని వారాలు పనిచేస్తాయి. ఇంట్లో ఆడది కూడా ఉంటే ఆరు వారాలు వేరుగా ఉంచండి.

పిల్లులకు ఆలోచన అక్కర్లేదు

పిల్లికి నాలుగైదు నెలల వయసులోనే, మొదటి ఎదకు ముందే చేయించేయండి. జత కట్టకపోతే ఆడపిల్లి ప్రతి రెండు మూడు వారాలకూ ఎదకొస్తుంది, రాత్రంతా పసిబిడ్డలా ఏడుస్తుంది. కడుపు 63 నుంచి 65 రోజులు. పిల్లలు పాలు తాగుతుండగానే మళ్ళీ చూలు కట్టేస్తుంది. రొమ్ము గడ్డలు పిల్లుల్లో అరుదే అయినా వస్తే ఎక్కువ భాగం క్యాన్సరే. ఏడాది లోపు ఆపరేషన్ చేయిస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. పోతు పిల్లి గోడల మీద చిమ్మే మూత్రం కంపు ఒకసారి మొదలైతే ఇల్లు మారాలనిపిస్తుంది, మొదలవకముందే చేయించాలి. ఆపరేషన్ వల్ల పోతు పిల్లి మూత్రనాళం సన్నబడి మూసుకుపోతుందన్నది అపోహ. లావెక్కడం, పొడి తిండి, తక్కువ నీళ్ళు దానికి దారితీస్తాయి.

ఎద ఆపడానికని మందులషాపులో హార్మోను మాత్రలో ఇంజెక్షనో అడిగి వేయించే పని అసలు వద్దు. చీము, రొమ్ము గడ్డలు అనే రెండు జబ్బుల్నీ చేతులారా పిలిచినట్టే.

తేదీ పెట్టుకోవడం

ఆడకుక్క ఎదలో ఉన్నప్పుడు కోత పెట్టకూడదు. రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, కణజాలం పట్టుకుంటే చిరిగిపోయేంత మెత్తగా ఉంటుంది, రక్తం ఎక్కువ పోతుంది. ఎద అయ్యాక ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య కొన్నిటికి కడుపు రాకున్నా పాలు పడతాయి, బొమ్మల్ని పిల్లల్లా కాపాడుకుంటాయి. అప్పుడు చేయిస్తే ఆ స్థితి సాగుతుంది. ఎద ముగిశాక రెండు నుంచి మూడు నెలల మధ్య ఉండేదే ప్రశాంతమైన సమయం.

లెక్క ఇలా వేయండి. జనవరి 5న మొదటి రక్తపు చుక్క కనిపించింది అనుకుందాం. ఎద దాదాపు మూడు వారాలు, అంటే జనవరి 26కి ముగుస్తుంది. మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ నాలుగో వారం వరకు ఆపరేషన్‌కు అనువు. జులైలో మళ్ళీ ఎద రావచ్చు, కాబట్టి ఆ కిటికీ దాటనివ్వకూడదు. మొదటి చుక్క తేదీ ఫ్రిజ్ మీది క్యాలెండర్లో రాసి పెట్టుకుంటే చాలు. ఆ మూడు వారాలూ గేటు ఊచల సందులోంచి కూడా జత కట్టేస్తాయి, సెల్లార్లో ఒంటరిగా వదలకండి. డైపర్ అడ్డుకోలేదు.

మన ఊరి వాతావరణం సంగతి కూడా చూసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. ఏప్రిల్, మే అయితే పగ్, షిట్జు, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కు జాతులకు పొద్దున్నే మొదటి స్లాట్ అడగండి. మత్తు వదిలేటప్పుడు వాటికి ఊపిరి అందడమే కష్టం, ఎండలో ఆటో ప్రయాణం దానికి తోడవకూడదు. వానాకాలంలో తేమ, ఈగలు: గాయం మీద ఈగ గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. దీపావళి వారం, బోనాల డప్పులు, గణేశ్ నిమజ్జనం రోజులు వదిలేయండి. బాంబు చప్పుడుకు మంచం కిందికి దూరిన కుక్క కుట్లు తెంపుకుంటుంది.

ఆసుపత్రి, రక్తపరీక్ష

జేబుకు తేలికగా కావాలంటే నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. ముందు ఓపీలో చూపించి తేదీ తీసుకోవాలి. ప్రైవేటులో మొహమాటపడకుండా అడగాల్సినవి: మత్తుకు గ్యాస్ వాడతారా, గొంతులో గొట్టం వేస్తారా, చేతికి సెలైన్ సూది ఉంటుందా, మత్తు చూసుకోవడానికి సర్జన్ కాకుండా మరో మనిషి ఉంటారా, పూర్తిగా మెలకువ వచ్చేదాకా పక్కన ఎవరుంటారు, నొప్పి మందు ఎన్ని రోజులకిస్తారు, కుట్లు విప్పేవా కరిగిపోయేవా. తీసిన భాగాలు చూపించమనండి, ఫోటో అయినా సరే. అండాశయం ముక్క లోపల మిగిలితే కుక్క కొన్ని నెలలకు మళ్ళీ ఎదకొస్తుంది, రెండో ఆపరేషన్ తప్పదు.

రక్తపరీక్ష ఖర్చు మిగుల్చుకోకండి. మన దగ్గర పిడుదుల జ్వరం ఎక్కువ. బయటికి ఏ లక్షణమూ లేకుండానే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, కోత పెట్టాకే రక్తం ఆగడం లేదని తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ప్లేట్‌లెట్లు సుమారు రెండు నుంచి ఐదు లక్షలు. లక్షకు దిగువనుంటే చాలామంది సర్జన్లు వాయిదా వేసి, డాక్సీసైక్లిన్ మూడు నాలుగు వారాలు వాడించి మళ్ళీ చూస్తారు. రక్తకణాల లెక్క చూసే సీబీసీతోపాటు కిడ్నీల కోసం క్రియాటినిన్, కాలేయం కోసం ఏఎల్‌టీ చేయించాలి. డాబర్‌మన్‌లో వంశపారంపర్యంగా రక్తం గడ్డకట్టని లోపం ఉంటుంది, పై పెదవి లోపలి వైపు చిన్న గాటు పెట్టి రక్తం ఆగే సమయం చూడమని అడగండి.

ముందురోజు, ఆ రోజు

ముందురోజే స్నానం చేయించండి, తర్వాత రెండు వారాలు కుదరదు. పెద్దవాటికి రాత్రి తిండి తర్వాత ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఖాళీ కడుపు. నాలుగు నెలల లోపు పిల్లలకు మూడు నాలుగు గంటలే, ఎక్కువసేపు ఉంచితే షుగర్ పడిపోతుంది. నీళ్ళు ఎప్పటిదాకా పెట్టాలో డాక్టరు చెప్పినట్టు. ఇంట్లో అందరికీ, అమ్మమ్మకూ, కింద వాచ్‌మన్‌కూ, ఈ సంగతి చెప్పాలి. ఒక్క పార్లేజీ బిస్కెట్ కూడా మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోగలదు. తిన్నదని తెలిస్తే దాచకండి, తేదీ మార్చుకోండి.

ఇంటికొచ్చాక ఏసీ గాలికి ఎదురుగా పడుకోబెట్టొద్దు, మత్తులో ఒళ్ళు చల్లబడుతుంది. మామూలు తిండిలో పావు వంతు రాత్రికి పెట్టండి. పెరుగన్నం గిన్నెడు పెడితే అంతా కక్కేస్తుంది. గొట్టం వేసినందువల్ల ఒకటి రెండు రోజులు దగ్గితే భయం లేదు.

మొదటి రాత్రి చిగుళ్ళు చూడటం నేర్చుకోండి. పై పెదవి ఎత్తి, కోరపన్ను పైన గులాబీ రంగు చిగురును బొటనవేలితో నొక్కి వదలండి. తెల్లబడిన మచ్చ రెండు సెకన్ల లోపు మళ్ళీ గులాబీ అవ్వాలి. చిగుళ్ళు సున్నం రంగులో ఉండి, మచ్చ నెమ్మదిగా నిండుతూ, పొట్ట ఉబ్బి కుక్క నీరసంగా ఉంటే లోపల రక్తం కారుతున్నట్టే, తెల్లారేదాకా ఆగకూడదు. నల్ల చిగుళ్ళ కుక్కయితే కంటి కింది రెప్ప లోపలి రంగు చూడండి.

మెడకు వేసే కోన్ ముక్కు చివర దాటి రెండు మూడు అంగుళాలు ముందుకు రావాలి, మెడ దగ్గర రెండు వేళ్ళు పట్టాలి. జాలిపడి తీసేస్తారు, అక్కడే చెడుతుంది. కుక్క నిమిషాల్లో కుట్లు పీకేస్తుంది. పది నుంచి పద్నాలుగు రోజులు, అన్నం తినేటప్పుడు మీ కళ్ళెదుట తప్ప, అది మెడకే ఉండాలి. అన్నాళ్ళూ పరుగులు, మెట్లు, సోఫా ఎక్కడం బంద్. మగకుక్క పరుగెత్తితే వృషణాల సంచి రక్తంతో నిండి బంతిలా ఉబ్బుతుంది. కొంచెం వాపు మాత్రం మామూలే, వృషణాలు తీయలేదేమోనని కంగారు వద్దు.

గాయం మీద పసుపు, కొబ్బరినూనె, డెటాల్ ఏవీ రాయొద్దు. డెటాల్ నాకితే పిల్లికి విషం. డోలో, క్రోసిన్ లాంటి పారాసిటమాల్ సగం బిళ్ళ కూడా పిల్లిని చంపగలదు. మనుషుల నొప్పి మాత్రలు కుక్కకూ వేయొద్దు. పిల్లికి నాలుగైదు రోజులు ఇసుక బదులు చింపిన పేపర్ ట్రేలో వేస్తే గాయానికి రేణువులు అంటవు. ఒక రోజు గడిచినా తినకపోతే, పిల్లయితే మరీ, ఫోన్ చేయండి. కుట్ల మీద బియ్యపు నూక లాంటి తెల్లటి గుడ్లు కనిపించినా అంతే.

వీధికుక్కలు

మీరు అన్నం పెట్టే వీధికుక్క సంగతి వేరు. దానికి మీ మునిసిపల్ కార్పొరేషన్ వెటర్నరీ విభాగం చేస్తుంది. 2023 నాటి ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం ఆరు నెలల లోపు పిల్లల్ని ఆపరేషన్ కోసం పట్టకూడదు. చెవికి చిన్న గాటు ఉంటే అప్పటికే అయిపోయినట్టు. అవే నిబంధనల్లో పెంపుడు జంతువుకు పురుగుల మందు, టీకా, ఆపరేషన్ యజమాని బాధ్యతేనని రాశారు.

తిండి తగ్గించడం

ఆపరేషన్ తర్వాత ఒంటికి కావాల్సిన శక్తి నాలుగో వంతు దాకా తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. "ఆపరేషన్ వల్ల లావైంది" అంటారు గానీ లావు చేసింది గిన్నే. రోజుకు 200 గ్రాముల పొడి తిండి తినే కుక్కకు కుట్లు విప్పిన రోజు నుంచి 160 గ్రాములకు దించండి. కప్పుతో కాదు, వంటింటి తూకంతో. బిస్కెట్లు, ఇంట్లో వాళ్ళు విసిరే చపాతీ ముక్కలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. నెలకోసారి తూకం రాసుకోండి. పక్కటెముకల మీద అరచేయి ఆనించి నిమిరితే ఎముకలు తగలాలి. వేళ్ళతో నొక్కి వెతకాల్సి వస్తే మరో పది శాతం తగ్గించండి, మూడు వారాలయ్యాక మళ్ళీ నిమిరి చూడండి.